విప్పిన ఇంటితోనే కట్టుకున్న ఇల్లు

మా పాత ఇల్లు కూల్చడానికి జేసీబీ యజమాని చెప్పిన లెక్క చాలా సులువుగా ఉంది. రెండు గంటల పని, గంటకు ఇంత. శిథిలాలు ఎత్తి ఊరి చివర పోసి రావడానికి ట్రాక్టరుకు ఇంకొంత. మధ్యాహ్నం భోజనాల వేళకు స్థలం చదునైపోతుందని అన్నాడు. మా అత్తయ్య అరుగు మీద కూర్చుని అంతా వింటున్నారు. ఆవిడ కొత్తకోడలిగా ఆ గడప దాటింది 1971లో. "రెండు గంటలా?" అని మాత్రం అడిగి లోపలికి వెళ్లిపోయారు.

మాది శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మావారు ఆర్టీసీలో పనిచేస్తారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి వెనుకవైపు నాటు పెంకులు ఎండుటాకుల్లా లేచిపోయాయి. మట్టి గోడ రెండు రోజులు తడిసి పడమటి మూల బయటికి ఒరిగింది. మూడేళ్లు టార్పాలిన్ కప్పి నెట్టుకొచ్చాం. కొత్త ఇల్లు కట్టక తప్పదని అందరికీ తెలుసు. ఎలాంటి ఇల్లన్నదే తేలలేదు.

మా వీధిలో ఈ పదిహేనేళ్లలో లేచిన ఇళ్లన్నీ ఒక్క అచ్చులో పోసినవే. పిల్లర్లు, స్లాబు, చుట్టూ తొమ్మిది అంగుళాల గోడ, ముందువైపు మెరిసే టైల్స్. వేసవిలో ఆ ఇళ్లలో రాత్రి పదకొండు దాటినా స్లాబు వేడి దిగదు. చాపలు చంకన పెట్టుకుని మేడ ఎక్కుతారు. మా పాత ఇంట్లో మే నెల మధ్యాహ్నం కూడా నడిమింట్లో నేల మీద వాలితే కునుకు పట్టేది. ఆ చల్లదనం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అలాగని తుపాను వచ్చిన ప్రతిసారీ కప్పు వెతుక్కుంటూ పొలాల్లో తిరగడమూ కుదరదు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా కుదురుతాయని అడుగుతూ తిరిగితే, శ్రీకాకుళంలో ఒక యువ ఇంజనీరు దొరికారు. ఆయన కొన్నాళ్లు కేరళలో పని నేర్చుకుని వచ్చారు. లారీ బేకర్ పేరు నేను మొదట విన్నది ఆయన నోటనే. ఇంగ్లండులో 1917లో పుట్టి, మన దేశం వచ్చి, తిరువనంతపురంలో స్థిరపడి, 2007లో కన్నుమూసే వరకు తక్కువ ఖర్చులో చల్లని ఇళ్లు కట్టిన మనిషి బేకర్. ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ల లోపు దొరికేదై ఉండాలని గాంధీజీ తనతో అన్న మాటను ఆయన జీవితమంతా గుర్తుచేసుకునేవారట.

ఇంజనీరు మా ఇంటికి వచ్చి, గోడలు తట్టి చూసి, దూలాలకు గోరు దించి చూసి ఒకే మాట అన్నారు: "కొత్త ఇంటి ప్లాను తర్వాత గీద్దాం మేడమ్. ముందు ఈ ఇంట్లో ఏమేం ఉన్నాయో లెక్క రాయండి."

లెక్క రాయడం నాకు చేతనైన పనే. 2022 సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజున జేసీబీ లేకుండా, నలుగురు కూలీలతో ఇల్లు విప్పడం మొదలుపెట్టాం. కూల్చడం అని కాకుండా విప్పడం అన్నారు మేస్త్రి. ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. కట్టిన వరసకు తలకిందులుగా పని సాగింది. ముందు పెంకులు, తర్వాత వాసాలు, దూలాలు, ఆ తర్వాత ద్వారబంధాలు, చివరకు గోడలు. పదమూడు రోజులు పట్టింది. ముందు వసారా మీద మామయ్య గారు వేయించిన బెంగుళూరు పెంకులు చెక్కుచెదరనివి 1,130 దిగాయి. వెనుకవైపు నాటు పెంకుల్లో సగానికి సగం ముక్కలే. తాటి దూలాలు తొమ్మిదింటిలో ఆరు ఇనుములా ఉన్నాయి, మూడింటి లోపల చెద తినేసింది. ముందు గదుల ఇటుక గోడల నుంచి నిండు ఇటుకలు 6,800 వచ్చాయి.

ఆ ఇటుకల దగ్గర నేను చూసినది వివరంగా చెప్పాలి. పాత గోడలు మట్టి అడుసుతో కట్టినవి. కూలీ ఒక చేత్తో ఇటుక పట్టుకుని, రెండో చేత్తో పాత కత్తి వెనుక అంచుతో అలా ఒక్కసారి తడితే, అంటుకున్న మట్టి పొరలుగా రాలి ఒళ్లో పడేది. ఇటుక కొత్తదానిలా బయటికి వచ్చేది. ఇరవై ఏళ్ల కిందట అదే ఇంటికి సిమెంటుతో కలిపిన స్నానాల గది గోడ వంతు వచ్చింది. అక్కడ సుత్తి, ఉలి పట్టుకుని కొట్టినా ఇటుక పగులుతుందే కానీ సిమెంటు వదలదు. ఆ గది నుంచి నూరు ఇటుకలు కూడా దక్కలేదు. అరవై ఏళ్ల గోడ మళ్లీ గోడ అవుతుంది, ఇరవై ఏళ్ల గోడ చెత్త అవుతుంది. సిమెంటు బలమైనది, నిజమే. కానీ ఇటుక కన్నా బలమైన గారతో ఇటుకను అంటిస్తే మనవళ్ల నాటికి ఆ ఇటుకను ఎవరూ తీసి వాడుకోలేరు. ఆ రోజు నుంచి కొత్త ఇంట్లో ప్రతి పనికీ నా మొదటి ప్రశ్న ఒకటే అయింది: రేపు దీన్ని విప్పవచ్చా?

దక్కిన ఇటుకలు ఎంత గట్టివో చూడటానికి మేస్త్రి పద్ధతి ఆయనకుంది. రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి తట్టేవారు. ఖణేల్‌మంటే ఒక కుప్ప, మొద్దుగా మోగితే ఇంకో కుప్ప. అనుమానం వచ్చినవాటిని రాత్రంతా తొట్టెలో నానబెట్టి, తెల్లారి అంచులు గోటితో గీకి చూసేవారు. మెత్తబడితే నేల కింద పరుపుకు పంపేవారు. రాలిన గోడ మట్టిని కూడా పారేయనివ్వలేదు ఇంజనీరు. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి ఒక రోజు కదల్చకుండా ఉంచమన్నారు. అడుగున ఇసుక, దాని పైన ఒండ్రు, ఆ పైన బంకమట్టి విడివిడిగా పొరలు కట్టాయి. స్కేలుతో కొలిచాను. ఇసుక సగానికి పైగా ఉంది, కట్టుబడి గారకు పనికొస్తుందన్నారు. అలా సిమెంటు ఒక పాలు, జల్లించిన పాత గోడ మట్టి రెండు పాళ్లు, ఇసుక ఆరు పాళ్లతో లోపలి గోడలు లేచాయి. ఈ సీసా ప్రయోగాన్ని తర్వాత మా ఎనిమిదో తరగతి పిల్లల చేత చేయించాను. ఊరి నాలుగు మూలల మట్టి తెచ్చి, నిష్పత్తులు కట్టి, పట్టికలు గీశారు. పాఠ్యపుస్తకంలో నిష్పత్తుల లెక్కకు అంత ఉత్సాహం నేనెప్పుడూ చూడలేదు.

సిమెంటు విషయంలో ఎందుకింత పట్టుదల అని మావారే ఒకసారి విసుక్కున్నారు. కారణం ఇది. సిమెంటు తయారీకి సున్నపురాయిని 1,450 డిగ్రీల దాకా కాలుస్తారు. ఆ మంటకు బొగ్గు కావాలి, దాని పొగ సంగతి అందరికీ తెలుసు. కానీ ఆ వేడికి సున్నపురాయి కూడా తనలోని కార్బన్ డయాక్సైడును వదిలి సున్నంగా మారుతుంది. పొయ్యిలో బొగ్గు మానేసి ఇంకేది పెట్టినా ఈ భాగం తగ్గదు. ప్రపంచమంతా మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడులో ఏడెనిమిది శాతం ఒక్క సిమెంటుదే. పునాది బెల్టుకు, స్లాబుకు సిమెంటు కావాలి, అక్కడ నేను బేరం పెట్టలేదు. దాని అవసరం లేని చోట మాత్రం ఒక్క బస్తా కూడా ఎక్కువ వాడనివ్వలేదు. వాడిన చోట కూడా స్లాగ్ సిమెంటు తెప్పించాం. ఉక్కు కర్మాగారాల కొలిమి నుంచి వచ్చే స్లాగును అందులో పావు వంతు నుంచి డెబ్బై శాతం వరకు కలుపుతారు. అంతమేరకు కాల్చే సున్నపురాయి తగ్గుతుంది. ఉప్పుగాలి తగిలే మా వైపుకు అది మరింత మంచిదని ఇంజనీరు చెప్పారు.

బయటి గోడలకు పాత ఇటుకలు చాలవు. బట్టీ ఇటుకంటే పొలం పైమట్టి పోతుంది, కట్టెలు, ఊక కాలుతాయి. కాల్చే పని లేని ఫ్లైయాష్ ఇటుకలు తీసుకున్నాం. వీటి కథలో మన ఉత్తరాంధ్ర వాళ్ల చేయి ఉందని తెలిసి గర్వపడ్డాను. థర్మల్ కేంద్రాల బూడిద, సున్నం, జిప్సం కలిపి నిప్పు లేకుండా ఇటుక గట్టిపడే ఫాల్-జి పద్ధతిని తీర్చిదిద్దిన భానుమతీదాస్, కాళిదాస్ విశాఖపట్నంలో పనిచేసిన శాస్త్రజ్ఞులు. పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం కుప్పలుగా వదిలే బూడిద ఇలా గోడ అయితే, గాలిలో ఎగిరి ఎవరి ఊపిరితిత్తుల్లోకో పోకుండా ఉంటుంది. అయితే బూడిద వచ్చేది అయిదు మైళ్ల నుంచి కాదు. అది నా మనసును కొంచెం గుచ్చింది. అన్నీ ఒకేసారి కుదరవు.

ఈ ఇటుకలతో ర్యాట్ ట్రాప్ బాండ్ కట్టించాలని ఇంజనీరు పట్టుబట్టారు. మామూలుగా పడుకోబెట్టే ఇటుకను ఇందులో అంచు మీద నిలబెడతారు. బయట ఒకటి, లోపల ఒకటి నిలబెట్టి, వాటి మధ్య అడ్డంగా ఇంకొకటి. పైనుంచి చూస్తే వరసలో ఎలుకల బోనుల్లాంటి ఖాళీ గళ్లు కనిపిస్తాయి. గోడ మందం తొమ్మిది అంగుళాలే, ఇటుకలు మాత్రం పావు వంతు తగ్గుతాయి. మధ్యలో చిక్కుకున్న గాలి ఎండ వేడిని లోపలికి త్వరగా రానివ్వదు.

మేస్త్రికి ఇది అస్సలు నచ్చలేదు. ముప్పై అయిదేళ్లుగా తాపీ పట్టిన మనిషి. "టీచరమ్మా, గోడలో ఖాళీ వదిలితే నా పేరు పోతుంది. తుపానులో పడిపోతే ఊరంతా నన్నే అంటుంది" అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. శ్రీకాకుళం తీరంలో ఇల్లు కట్టేటప్పుడు సెకనుకు 50 మీటర్ల గాలి, అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఇంజనీరు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేల మీద పుల్లతో గీసి చూపించారు. పునాది మీద ఒక కాంక్రీటు బెల్టు, కిటికీల పైన ఒకటి, స్లాబు కింద ఒకటి వస్తాయి. నాలుగు మూలల్లో, ప్రతి ద్వారం పక్కన ఆ ఖాళీ గడిలోనే నిలువుగా ఇనుప కడ్డీ దించి కాంక్రీటు పోస్తారు. గడి ఉండబట్టే కడ్డీకి చోటు దొరికింది. మామూలు గోడలో అయితే దానికి వేరే పిల్లరు కావాలి. మేస్త్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి, "ముందు మూడడుగుల గోడ కట్టి చూస్తాను. నాకు నమ్మకం కుదిరితేనే" అన్నారు.

పెరట్లో కట్టిన ఆ మూడడుగుల గోడ మొదటి రోజు బాగా రాలేదు. గార ఇటుక అంచుల నుంచి జారి గడుల్లో పడి, సగం గడులు నిండిపోయాయి. ఇక ఖాళీ ఎక్కడుంది, వేడి ఆపేదేముంది? రెండో రోజు ఆయనే ఒక ఉపాయం కనిపెట్టారు. గడి వెడల్పుకు సరిపోయే చెక్క పట్టీ కోసి, దానికి పురికొస కట్టి, వరస వేసేటప్పుడు గడుల మీద పరిచేవారు. అంచులకు గార పూసి, కొసతో పట్టీ లేపి, మీద పడిన గారను తాపీతో తీసి మళ్లీ తట్టలో వేసేవారు. గడి శుభ్రంగా మిగిలేది, గార వృథా కాలేదు. అడుగు వరసను, కిటికీ అంచుల కింద వరసను మాత్రం మామూలుగా నిండుగానే కట్టారు, పాములు, చీమలు చేరకుండా. గోడ పూర్తయ్యాక దాని మీద ఆయన, ఇద్దరు కూలీలు ఎక్కి నిలబడ్డారు. కిందికి దిగి, "సరే టీచరమ్మా, కడదాం" అన్నారు. బయటి గోడలకు 8,500 ఇటుకలు సరిపోయాయి. నిండు గోడ కట్టి ఉంటే పదకొండు వేలు దాటేవి.

ఇల్లు ఎటు చూడాలన్నది ఇంట్లో పెద్ద చర్చే అయింది. మా వైపు సముద్రం ఆగ్నేయాన ఉంది. వేసవి మధ్యాహ్నం గాలి అటు నుంచే వస్తుంది. పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు, పొట్టి గోడలు తూర్పు పడమరలకు పెడితే ఎండ తక్కువ పడుతుంది, గాలి ఎక్కువ తగులుతుంది. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ వంటిల్లు ఆగ్నేయంలోనే ఉండాలని అత్తయ్య పట్టు. గాలి వచ్చే మూలన పొయ్యి పెడితే వేడి, పోపుల ఘాటు ఇల్లంతా చుట్టేస్తాయని ఇంజనీరు బాధ. ఆవిడ మాటను కాదనడం నాకు ఇష్టం లేదు, అది ఆవిడ ఇల్లు. చివరకు వంటింటిని ఆగ్నేయంలోనే కొంచెం బయటికి జరిపి, ఇంటికీ దానికీ మధ్య ఒక చిన్న నడవ వదిలాం. వంటింటి కప్పు దగ్గర ఎత్తుగా జాలీ పెట్టాం, వేడి అటు నుంచే పైకి పోతుంది. నడిమింటికి దక్షిణ కిటికీ నుంచి వేరే గాలి వస్తుంది. ఇప్పుడు అత్తయ్య ఎక్కువసేపు కూర్చునేది ఆ నడవలోనే. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు గాలి ఆడుతూనే ఉంటుంది.

తన పుట్టింటి ఊళ్లో, సముద్రం ఒడ్డున, చుట్టిళ్లు ఉండేవని ఆవిడ తరచూ చెప్పేవారు. గుండ్రటి మట్టి గోడ, నేలకు తగిలేటంత కిందికి దిగిన తాటాకు కప్పు. గాలి ఎటు నుంచి వచ్చినా పట్టుకోవడానికి మూల దొరకదు, చుట్టూ జారిపోతుంది. మేము గుండ్రటి ఇల్లు కట్టలేదు గానీ, ఆ చూరు ఆలోచన తీసుకున్నాం. కిటికీల మీద రెండున్నర అడుగుల సన్‌షేడ్ వేయించాం. వసారా కప్పును మాత్రం అసలు ఇంటి కప్పుతో కలపకుండా విడిగా నిలబెట్టించారు ఇంజనీరు. పెద్ద గాలికి వసారా ఎగిరిపోయినా, తనతో పాటు ఇంటి కప్పును లాక్కుపోకూడదని.

ఆ వసారా స్తంభాల సంగతి ఒకటుంది. మా పెద్ద ఆడపడుచు వాళ్లది ఉద్దానంలో, కవిటి వైపు పల్లె. తిత్లీ వాళ్ల కొబ్బరి తోటను ఒక్క రాత్రిలో పడుకోబెట్టింది. కూలిన చెట్లను చాలామంది తోటల్లోనే కుళ్లిపోనిచ్చారు, ఏం చేయాలో తోచక. మా అన్నయ్యగారు మాత్రం ముసలి చెట్ల మొదళ్లు కోయించి, పాకలో గాలి ఆడేలా పేర్చి ఉంచారు. కొబ్బరి చెట్టులో నడిమి గుజ్జు మెత్తన, బయటి పట్టు మాత్రం నల్లటి ఈనెలతో రాయిలా ఉంటుంది, అదీ ముదురు చెట్టు మొదట్లోనే. ఆ భాగాన్ని ఎంచి కోయించి, పురుగు పట్టకుండా బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాం. నేల తడి తగలకుండా ఒక్కో స్తంభం కింద అడుగెత్తు రాయి పెట్టాం. వదిన గృహప్రవేశానికి వచ్చినప్పుడు ముందు దేవుడి గదికి వెళ్లలేదు. స్తంభం దగ్గర నిలబడి, అరచేత్తో కింది నుంచి పైకి నిమిరారు. "ఇది బావి దగ్గర చెట్టు" అన్నారు. ఎలా గుర్తుపట్టారో నాకు తెలియదు.

స్లాబు రోజు నాకు పండుగలా ఉంది. ఫిల్లర్ స్లాబు వేశాం. స్లాబులో పైభాగం నొక్కుడును భరిస్తుంది, కిందిభాగంలో లాగుడును భరించేది ఇనుమే. కడ్డీల మధ్య కింది కాంక్రీటు బరువుగా కూర్చోవడం తప్ప పెద్దగా చేసే పని లేదు. అక్కడ కాంక్రీటు బదులు పాత బెంగుళూరు పెంకులు రెండేసి, బోర్లా వెల్లకిలా కలిపి పెడితే, కాంక్రీటు సుమారు ఆరో వంతు మిగులుతుంది, మధ్యలో గాలి పొర చిక్కుతుంది. కడ్డీల దూరం, గడుల కొలత మాత్రం ఇంజనీరు లెక్క కట్టి ఇవ్వాల్సిందే, మేస్త్రి అందాజాగా వేసే పని కాదు. ముందు రోజు సాయంత్రం పెంకులన్నీ తొట్టెల్లో నానబెట్టాం. పొడి పెంకు కాంక్రీటులోని నీళ్లు పీల్చేస్తుంది. తెల్లవారి సెంట్రింగ్ మీద కడ్డీల గడుల్లో 640 పెంకులు పేర్చడానికి నేను, మావారు, మా అబ్బాయి, పక్కింటి పిల్లలు అందరం ఎక్కాం. సెంట్రింగ్ విప్పిన రోజున తల ఎత్తి చూస్తే, లోపలి కప్పంతా ఎర్రటి పెంకుల వరసలు. ప్లాస్టరు వేయనివ్వలేదు, కాంక్రీటు పట్టీలకు మాత్రం సున్నం వేయించాం. మిగిలిన పెంకుల్లో 380 వసారా మీదకు తీగతో కట్టి ఎక్కించాం.

అన్నీ సవ్యంగా జరగలేదు. ఇంటి అప్పు కోసం వెళితే, విలువ కట్టడానికి వచ్చినాయన మట్టి కలిపిన గార, పాత ఇటుక అనగానే ఫైలు మూసేశారు. ఇంజనీరు లెక్కలు, నమూనా గోడ ఫొటోలు పట్టుకుని మావారు నాలుగుసార్లు తిరిగితే గానీ మొదటి వాయిదా రాలేదు. ఆ తిరుగుడులో రెండు నెలలు పోయి పని వానల్లోకి జారింది. నేను చేసిన అసలు తప్పు అక్కడ జరిగింది. ఉత్తరం వైపు గదులకు లోపల సున్నపు ప్లాస్టరు వేయించాలని ఎప్పటి నుంచో కోరిక. గుల్ల సున్నం తెప్పించి, గుంతలో మూడు వారాలు నానబెట్టి, కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం పాకం కలిపి రుబ్బించాం. సున్నం సిమెంటులా ఒక రాత్రిలో గట్టిపడదు. గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. దానికి వారాలు పడుతుంది, తడి తగ్గే వాతావరణం కావాలి. ముసురు పట్టిన సెప్టెంబరులో వేయించాను. మేస్త్రి వద్దన్నారు, గృహప్రవేశం ముహూర్తం తొందరలో నేను వినలేదు. నెల తిరగకుండా అరచేతి వెడల్పు పెచ్చులు ఊడిపోయాయి. రెండు గదులూ గీకించి, ఫిబ్రవరిలో మళ్లీ వేయించాల్సి వచ్చింది. ఇరవై ఎనిమిది వేలు, మూడు వారాల కూలి నేలపాలు. సున్నం పని పెట్టుకునేవాళ్లు దయచేసి వానలు వెళ్లే వరకు ఆగండి.

నేలకు టైల్స్ కొనలేదు. టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైటు కోసి మెరుగుపెట్టే కర్మాగారాల దగ్గర, అంచులు కోసిన పట్టీలు గుట్టలుగా పడి ఉంటాయి. ట్రాక్టరు లోడు తెచ్చుకుని, పెద్దవి గదుల్లో, చిన్నవి స్నానాల గదిలో పరిపించాం. ఏ రెండు ముక్కలూ ఒక కొలత కావు. మేస్త్రి గారి అబ్బాయి వాటిని అతికిస్తూ పదిరోజులు నేల మీదే ఉన్నాడు. కింద ఇసుక, సున్నం పరుపు వేశాం. రేపు ఎవరికైనా కావాలంటే పలక పలకగా లేపుకోవచ్చు.

నీళ్ల సంగతి చిన్న లెక్కే. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా మేడ సుమారు 100 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన ఒకటి కురిస్తే అయిదు వేల లీటర్లు. వసారా కింద పది వేల లీటర్ల తొట్టి కట్టించాం. మొదటి పది నిమిషాల నీళ్లను పక్కకు వదిలే గొట్టం పెట్టాం, తర్వాతి నీళ్లు బొగ్గు, ఇసుక పొరల గుండా తొట్టిలోకి వెళ్తాయి. నిండి పొర్లినవి బోరు పక్కన ఇంకుడు గుంతలోకి. 2024లో సూర్యఘర్ పథకం వచ్చాక మూడు కిలోవాట్ల సౌర పలకలు పెట్టించాం, 78 వేల రూపాయల రాయితీ వచ్చింది. ఎండ బాగున్న రోజున పన్నెండు యూనిట్లు ఇస్తాయి. పలకల నీడ పడిన చోట మేడ మీద చెప్పుల్లేకుండా నడవవచ్చు. మిగతా మేడకు ఏటా ఉగాదికి ముందు రెండు పూతల సున్నం కొడతాం.

మొత్తం ఖర్చు చదరపు అడుగుకు 1,650 రూపాయలు పడింది. మామూలు పద్ధతికి ఊళ్లో గుత్తేదారు అడిగింది 1,900. కానీ పని పధ్నాలుగు నెలలు సాగింది, ఎనిమిది నెలల్లో ముగించుకునే వీలుండేది. సామగ్రిలో మిగిలిన డబ్బులో చాలా భాగం కూలీలకు వెళ్లింది. ఇది నాకు సంతోషమే. అయితే అద్దె ఇంట్లో ఉండి కట్టుకునేవాళ్లు ఆ ఆరు నెలల అద్దె కూడా లెక్కలో వేసుకోవాలి.

2024 మే నెలలో పది రోజుల పాటు బడి నుంచి తెచ్చిన రెండు ఉష్ణమాపకాలు వేలాడదీశాను. ఒకటి మా నడిమింట్లో, ఒకటి ఎదురింటి వాళ్ల హాల్లో. మధ్యాహ్నం మూడింటికి మా ఇంట్లో 33 చూపితే వాళ్లింట్లో 37. రాత్రి పదింటికి వ్యత్యాసం ఇంకా ఎక్కువ, దాదాపు అయిదు డిగ్రీలు. అత్తయ్యకు అంకెలు అక్కర్లేదు. కునుకు పడుతోందా అని అడిగితే, "పాత నడిమింట్లోలా ఉంది" అన్నారు.

ఇంకా పనులున్నాయి. మూడో గది ఉత్తర గోడలో సున్నం ఒకచోట బోలుగా మోగుతోంది, డిసెంబరులో చూడాలి. మిగిలిన నూటపది పెంకులు పెరట్లో జామచెట్టు కింద పేర్చి ఉన్నాయి, వాటిని ఎవరికీ ఇవ్వనివ్వడం లేదు అత్తయ్య. పడమటి గోడకు నీడ కోసం పన్నెండు అడుగుల దూరంలో నాటిన కానుగ మొక్క కిటికీ అంచు దాకా వచ్చింది. కప్పు ఎత్తుకు రావడానికి మరో నాలుగేళ్లు పడుతుంది. అప్పటిదాకా వేసవి మొదలవగానే ఆ గోడకు తాటాకు తడిక కట్టి, వానలు రాగానే విప్పి అటక మీద పెడుతున్నాం.